సమ్మె ముగిసింది, మా టీమ్ మిగల్లేదు

మాంట్రియల్,
16 ఏప్రిల్ 1995.

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. మీరంతా క్షేమమని తలుస్తాను. మీ ఉత్తరం ఉగాదికి రెండు రోజుల ముందు అందింది. అమ్మ పోయినసారి పంపిన ఎండు వేపపువ్వు చిటికెడు దాచి ఉంచాం, దాంతోనే పచ్చడి చేసుకున్నాం. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గలేదని రాశారు. డాక్టరుకి చూపించడం ఇంక వాయిదా వేయకండి.

ఉత్తరం చివర మీరు ఒక మాట అడిగారు. పేపర్లో ఎక్కడో చిన్న వార్త చూశారట. "అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్లు నెలల తరబడి సమ్మెలో ఉన్నారట. లక్షల డాలర్లు తీసుకునేవాళ్లకి సమ్మె ఏమిట్రా?" అన్నారు. ముప్ఫై ఏళ్లు గోనె సంచుల మిల్లులో పనిచేసి, యూనియన్ జెండా మోసిన మీరు కూడా ఆ మాటే అనేసరికి ఆశ్చర్యపోయాను. ఇక్కడ ఆఫీసులో, మెట్రోలో, కిరాణా కొట్లో అందరూ ఇదే అన్నారు. పోయిన ఆగస్టులో నేనూ అన్నాను. ఇప్పుడు అనలేను. ఇవాళ ఈస్టర్ ఆదివారం, ఆఫీసు లేదు. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆట సంగతి. బౌలర్ బంతిని నేల తాకకుండా నేరుగా విసురుతాడు, అతన్ని పిచ్చర్ అంటారు. బ్యాట్ గుండ్రంగా ఉంటుంది. బంతి మైదానం దాటి జనంలో పడితే హోమ్ రన్. ఒక్కో టీమ్ ఏడాదికి 162 ఆటలు ఆడుతుంది, ఏప్రిల్ నుంచి అక్టోబరు మొదటి దాకా దాదాపు రోజూ ఆటే. ఆ తర్వాత గెలిచినవాళ్ల మధ్య వరల్డ్ సిరీస్. అమెరికాలోనూ కెనడాలోనూ కలిపి 28 టీములు. కెనడాలో ఉన్నవి రెండే, ఒకటి టొరంటోది, రెండోది మాది. మా టీమ్ పేరు ఎక్స్‌పోస్. 1967లో ఇక్కడ జరిగిన ప్రపంచ ప్రదర్శన పేరు మీద 1969లో పెట్టిన టీమ్. మొదటి ఎనిమిదేళ్లు వాళ్లు ఆడింది మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న జారీ పార్కులోనే.

ఇంకొకటి మీకు నచ్చుతుంది. నల్లవాళ్లని పెద్ద లీగుల్లో ఆడనివ్వని రోజుల్లో జాకీ రాబిన్సన్ ఆ గోడ పగలగొట్టాడు కదా, ఆయన దానికి ముందు ఏడాది, 1946లో, మాంట్రియల్ రాయల్స్ అనే టీముకి ఆడాడు. ఇక్కడి జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఈ ఊరివాళ్లు ఆ సంగతి ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

నాకు ఈ ఆట అంటించింది మా కింది వాటాలో ఉండే పెద్దాయన. ఫ్రెంచివాడు, అరవై దాటాయి. మా చిన్నది ఆయన్ని "మెస్యో" (ఫ్రెంచిలో అయ్యగారు) అని పిలుస్తుంది, మేమూ అలాగే పిలుస్తాం. జారీ పార్కు రోజుల నుంచి ఆయన స్టేడియంలో మెట్లు ఎక్కి దిగుతూ హాట్‌డాగులూ వేరుశనగలూ అమ్ముతాడు. ఆట ఉన్న రోజుకే డబ్బు, లేని రోజుకి లేదు. ఆటలు వేరే ఊళ్లో జరిగే సాయంత్రాలు మెట్ల మీద రేడియో పెట్టుకుని కూర్చునేవాడు. జాక్ డూసే అనే ఆయన ఫ్రెంచిలో చెప్పే కామెంటరీ అది. నాకు ఫ్రెంచి సరిగా రాదు. చిన్నది బళ్లో నేర్చుకుంటోంది కాబట్టి పక్కన కూర్చుని నాకు చెప్పేది. హోమ్ రన్‌ని "కూ ద సిర్క్వీ" అంటారని మొదట నేర్పింది అదే. మీ మనవరాలు నాకు ఫ్రెంచి నేర్పడం మీరు చూసి ఉండాల్సింది.

పోయిన ఏడాది టీమ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. జీతాల ఖర్చులో 28 టీముల్లో దాదాపు అట్టడుగున ఉన్న టీమ్ ఇది. మొత్తం ఆటగాళ్లందరికీ కలిపి ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్లు. కొన్ని టీములు అంతకు రెండింతలు ఇచ్చేవి. మేనేజరు ఫెలిపె అలూ డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చినవాడు, 59 ఏళ్లు. గొంతు పెంచడు. కొడుకు మోయిసెస్ అలూ అదే టీములో ఆడతాడు, తండ్రి అని ప్రత్యేకం ఏమీ చూపించడు. పోయిన ఏడాది ఆ కొడుకు బ్యాటింగ్ సగటు .339, అంటే వెయ్యి ప్రయత్నాలకి 339 హిట్ల లెక్క. లారీ వాకర్ ఈ దేశపు కుర్రాడే, బ్రిటిష్ కొలంబియా నుంచి వచ్చాడు. మార్కీస్ గ్రిసమ్ పరిగెత్తి బంతి పట్టుకుంటుంటే కళ్లు తిప్పుకోలేం. కెన్ హిల్ 16 ఆటలు గెలిపించాడు. చివర్లో వచ్చి ఆట ముగించే పిచ్చర్ జాన్ వెట్లాండ్. వీళ్లతోపాటు పెద్రో మార్టినెజ్ అని 22 ఏళ్ల బక్కపలచని పిల్లాడు. లాస్ ఏంజెలెస్ వాళ్లు వీడు చిన్నగా ఉన్నాడు, నిలబడలేడు అని మాకు ఇచ్చేశారు. వాడి చేతిలో బంతి చూస్తే మీరు కుర్చీలోంచి లేచేవారు.

జూన్ 27న అట్లాంటా బ్రేవ్స్‌తో ఆట. చిన్నదాన్ని తీసుకుని వెళ్లాను. పార్క్ స్టేషన్లో ఎక్కి, రెండుసార్లు మెట్రో మారి, పీ-నఫ్ స్టేషన్లో దిగాలి. 1976 ఒలింపిక్స్‌కి కట్టిన స్టేడియం అది. కాంక్రీటు చల్లదనం, పక్కకి వాలిన పెద్ద గోపురం, ఆ అప్పు ఇంకా తీరక సిగరెట్ల మీద పన్ను వేసి కడుతూనే ఉన్నారు. మామూలు రోజుల్లో సగం కుర్చీలు ఖాళీ. ఆ రోజు 45 వేల మంది పైనే వచ్చారు. అట్లాంటా తరఫున గ్రెగ్ మాడక్స్ విసురుతున్నాడు, ఆ ఏడు అతన్ని మించిన పిచ్చర్ లేడు. 21 ఏళ్ల క్లిఫ్ ఫ్లాయిడ్ అతని బంతిని హోమ్ రన్ కొట్టాడు. స్టేడియం మొత్తం ఊగింది. మెస్యో మా వరుస దాకా వచ్చి, అమ్మే డబ్బా కింద పెట్టేసి, చిన్నదాన్ని భుజాల మీదికి ఎత్తుకున్నాడు.

ఆగస్టు 11 నాటికి మావాళ్లు 114 ఆటలాడి 74 గెలిచారు, 40 ఓడారు. 28 టీముల్లోనూ అంతకంటే బాగా ఆడినది లేదు. అట్లాంటా 6 ఆటలు వెనక ఉంది. ఆ రాత్రి పిట్స్‌బర్గ్‌లో 4-0తో ఓడిపోయారు. మర్నాటి నుంచి సమ్మె. ఆ ఓటమి గురించి ఎవరూ పట్టించుకోలేదు, రెండు వారాల్లో సర్దుకుంటుంది అనుకున్నాం. 1981లోనూ వేసవి మధ్యలో సమ్మె జరిగిందట, తర్వాత మొదలైందట. ఎక్స్‌పోస్ తుది పోటీల దాకా వెళ్లిన ఒకే ఒక్క ఏడు కూడా అదేనట. మెస్యో అది చెప్పి ధైర్యంగానే ఉన్నాడు.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. సమ్మె జీతం పెంచమని కాదు నాన్నగారూ. యజమానులు జూన్‌లో ఒక షరతు పెట్టారు. ఏ టీమైనా జీతాలకి ఇంతకు మించి ఖర్చు చేయకూడదని ఒక మూత. మా ఊరి లాంటి చిన్న టీములు బతకాలంటే ఇదే దారి అన్నారు. న్యూయార్క్ లాంటి టీముకి టీవీ డబ్బు బోలెడు, మాకు లేదు, అది నిజమే. కానీ పెద్ద టీములు తమ డబ్బులో నుంచి చిన్న టీములకి వాటా ఇవ్వడానికి ఒప్పుకోవాలంటే, ముందు ఆటగాళ్లు మూతకి ఒప్పుకోవాలని మెలిక పెట్టారు. యజమానుల మధ్య తగువు తీరడానికి మూల్యం ఆటగాళ్లు కట్టాలన్నమాట. ఆగస్టులో పింఛను నిధికి కట్టాల్సిన 78 లక్షల డాలర్లు కూడా ఆపేశారు. పీ.ఎఫ్. డబ్బు జమ చేయకుండా మిల్లువాళ్లు తిప్పించుకున్న రోజులు మీకు గుర్తుంటాయి.

నిజమే, ఆటగాడికి తక్కువలో తక్కువ జీతం 1,09,000 డాలర్లు. మన రూపాయల్లో 30 లక్షలు దాటుతుంది. ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కానీ 20 ఏళ్ల కింద సంగతి వినండి. అప్పట్లో ఆటగాడు ఒకసారి ఒక టీముకి సంతకం పెడితే ఇక జీవితాంతం వాళ్లవాడే. ఒప్పందం ముగిసినా యజమాని తన ఇష్టానికి మళ్లీ పొడిగించుకోవచ్చు. అమ్మేయచ్చు, మార్చుకోవచ్చు, ఆటగాడు మాత్రం వేరే చోటికి వెళ్లకూడదు. భూమి కొన్నవాడికి పాలేరు కూడా దఖలు పడినట్టే. కర్ట్ ఫ్లడ్ అనే నల్ల ఆటగాడు నేను సరుకుని కాదని కోర్టుకి ఎక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు, అతని ఆట అప్పటికే ముగిసిపోయింది. 1975లో ఇద్దరు పిచ్చర్లు ఒప్పందం మీద సంతకం పెట్టకుండా ఏడాది గడిపి, మధ్యవర్తి దగ్గర గెలిచారు. అప్పుడే ఆటగాళ్లకి స్వేచ్ఛ వచ్చింది. ఆ ఇద్దరిలో డేవ్ మెక్‌నాలీ ఆ ఏడు మా ఎక్స్‌పోస్ టీమువాడే. ఈ సంగతి తెలిసినప్పుడు మీరే గుర్తొచ్చారు.

దాని తర్వాత కూడా యజమానులు ఊరుకోలేదు. 1985 నుంచి వరుసగా మూడేళ్లు తమలో తాము కూడబలుక్కుని ఒకరి ఆటగాణ్ని ఒకరు తీసుకోకుండా జీతాలు తొక్కిపట్టారని తేలింది. చివరికి 28 కోట్ల డాలర్లు కట్టారు. అలాంటివాళ్లు లెక్కల పుస్తకం చూపించి నష్టాల్లో ఉన్నాం అంటే ఎవరు నమ్ముతారు? పైగా రెండు పక్షాలకీ పెద్దగా ఉండాల్సిన కమిషనర్ కుర్చీలో 1992 నుంచి ఉన్నది బడ్ సెలిగ్. ఆయనే మిల్వాకీ టీము యజమాని.

ఆగస్టులోనే ఎందుకు దిగారని మీరు అడగరు, మీకు తెలుసు. కోతలైపోయి సంచులకి గిరాకీ వచ్చే నెలలోనే కదా మీరూ గేటు ముందు కూర్చున్నది. ఇక్కడ యజమానులకి అసలు టీవీ డబ్బు వచ్చేది అక్టోబరులో. అది దాటి చలికాలం దాకా ఆగితే వాళ్లు చర్చలు విఫలమని చెప్పి మూత తమంతట తామే పెట్టేస్తారు. డిసెంబరులో సరిగ్గా అదే చేశారు.

సెప్టెంబరు 12న ఇక్కడ క్యూబెక్ ఎన్నికలు. క్యూబెక్‌ని వేరే దేశం చేయాలనే పార్టీ గెలిచింది. ఊరంతా అదే గొడవలో ఉండగా రెండు రోజులకి, 14న, సెలిగ్ టీవీలో కూర్చుని మిగతా ఆటలూ వరల్డ్ సిరీసూ రద్దు అని చెప్పాడు. 1904 తర్వాత వరల్డ్ సిరీస్ ఆగిపోవడం అదే మొదటిసారి. రెండు ప్రపంచ యుద్ధాలు కూడా దాన్ని ఆపలేదు. మెస్యో టీవీ కట్టేసి, కాసేపు కూర్చుని, "ఈ ఏడు మాది" అని మాత్రం అన్నాడు. అక్టోబరులో ఐస్ హాకీ యజమానులు కూడా లాకౌట్ ప్రకటించారు. జనవరి దాకా అదీ లేదు. మాంట్రియల్లో హాకీ లేని నవంబరు అంటే మన ఊళ్లో ముగ్గుల్లేని సంక్రాంతి. మెస్యో చలికాలంలో హాకీ ఆటల దగ్గర కూడా అమ్మేవాడు. రెండు జీతాలూ పోయాయి. మా ఆవిడ రోజూ చారు, కూర పంపేది. మొదట మొహమాటపడ్డాడు. తర్వాత తీసుకుని, గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని ఆపిల్ పళ్లు పెట్టి పంపేవాడు. ఆ అలవాటు వీళ్లకీ ఉంది.

ఫిబ్రవరిలో అధ్యక్షుడు క్లింటన్ ఇద్దర్నీ వైట్‌హౌస్‌కి పిలిచి కూర్చోబెట్టినా తెగలేదు. యజమానులు బయటివాళ్లని తెచ్చి ఆడించడానికి సిద్ధమయ్యారు. మన మిల్లులో ఇంకొకరి బదులు పనికి వచ్చే బద్లీ వాళ్లు కూడా లోపలికి వెళ్లకుండా మీతోనే కూర్చున్నారు. ఇక్కడ ఎప్పుడో ఆట మానేసినవాళ్లు, అవకాశం రానివాళ్లు వచ్చి చొక్కాలు వేసుకున్నారు. వాళ్లని తప్పు పట్టలేను, వాళ్ల ఇళ్లల్లో ఏం ఉందో మనకి తెలియదు. కానీ యజమానుల్లోనే ఒకాయన, బాల్టిమోర్ టీముది, పీటర్ ఏంజెలోస్, నేను బయటివాళ్లని దించను అన్నాడు. ఆయన యూనియన్ల తరఫున వాదించిన లాయరు. ఇంకో సంగతి, క్యూబెక్‌లో 1977 నుంచే సమ్మెలో ఉన్నవాళ్ల స్థానంలో బయటివాళ్లని పెట్టకూడదని చట్టం ఉంది. ఇది చదివి మీరు రెండోసారి టీ తాగుతారని తెలుసు.

చివరికి తేల్చింది కోర్టు. న్యూయార్క్‌లో సోనియా సోటోమయోర్ అనే జడ్జి మార్చి 31న యజమానులది చట్టవిరుద్ధమని, పాత షరతులే నడవాలని ఉత్తర్వు ఇచ్చారు. ఆటగాళ్లు వస్తామన్నారు. ఏప్రిల్ 2న, మీకు ఉగాది వెళ్లిన మర్నాడు, 232 రోజుల సమ్మె ముగిసింది. కొత్త ఒప్పందం లేదు. అంటే మొదలుపెట్టిన చోటే ఉన్నారు. ఈ ఏడు 162 బదులు 144 ఆటలే.

మేం పండగ చేసుకున్నాం. మా ఆవిడ పులిహోర కలిపింది, మెస్యో మూడుసార్లు పెట్టించుకున్నాడు. అది 2న. 5న కెన్ హిల్‌ని సెయింట్ లూయిస్‌కీ, వెట్లాండ్‌ని న్యూయార్క్‌కీ ఇచ్చేశారు. 6న గ్రిసమ్‌ని ఇచ్చింది ఎవరికనుకున్నారు, అట్లాంటాకే! మాకు 6 ఆటలు వెనక ఉన్న ఆ టీముకే. 8న లారీ వాకర్ కొలరాడోకి సంతకం పెట్టాడు, మావాళ్లు ఉండమని కూడా అడగలేదు. వారం తిరక్కుండా నలుగురు. పోయిన ఏడాది ఆదాయం లేదు, జీతాలు భరించలేం అన్నారు. ఇల్లు కాపాడుకోవడానికి తలుపులు అమ్ముకున్నట్టుంది. నాకు ఆటగాళ్ల మీద కోపం రాలేదు నాన్నగారూ, ఇప్పటికీ లేదు. వాళ్లు కాదన్నది న్యాయమే. కానీ ఆ టీమ్ మళ్లీ రాదు. ఆగస్టు 12న ఏ ఆట ఆడాల్సి ఉందో అది ఎప్పటికీ ఎవరూ ఆడరు.

నిన్న మెస్యో స్టేడియానికి పేరు రాయించుకోవడానికి వెళ్లాడు. నేనూ తోడు వెళ్లాను. పోయిన ఏడాది పనిచేసిన వాళ్లలో చాలామంది రాలేదు. కొందరు వేరే పనుల్లో చేరిపోయారట. ఎనిమిది నెలలు ఎవరు ఆగుతారు? కోర్టు ఉత్తర్వులో ఆటగాళ్ల పేరుంది, యజమానుల పేరుంది. డబ్బా మోసేవాళ్ల పేరు ఎక్కడా లేదు. తిరిగి వస్తుంటే మెట్రోలో నాకు మన మిల్లు గేటు ముందు టీ బడ్డీ గుర్తొచ్చింది. సమ్మె మూడు నెలలూ ఆయన మీ అందరికీ అరువు టీ పోశాడు. మీరు లోపలికి వెళ్లిన రోజుకి ఆ బడ్డీ లేదు. పాలవాడికి బాకీ పడి ఊరు వదిలి వెళ్లాడన్నారు. ఆ నెల జీతం రాగానే మీరు సైకిలేసుకుని ఆయన కోసం రెండు ఊళ్లు తిరిగారు. మన ఇంట్లోనే బియ్యం అరువు మీద వస్తుంటే ఈయన ఎవర్నో వెతుక్కుంటూ పోతాడేమిటి అని నేను అమ్మ దగ్గర చాలా మాట్లాడాను. ఆ మాటలు మీదాకా వచ్చాయో లేదో ఎప్పుడూ అడగలేదు.

ఆయన జాడ తర్వాత ఎప్పుడైనా తెలిసిందా? బాకీ ఎంతో మీరు యూనియన్ డైరీలో వెనక పేజీలో రాసుకునేవారు, ఆ డైరీలు అటక మీద ట్రంకు పెట్టెలో ఉండాలి. ఈ ఉత్తరంతో బ్యాంకు డ్రాఫ్టు పంపుతున్నాను. ముందు అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మిగిలిన దాంట్లో ఆయన గానీ ఆయన పిల్లలు గానీ ఎక్కడున్నారో తెలిస్తే మీ చేత్తోనే ఇవ్వండి. మీ లెక్క ఎంతైనా దానికి పదింతలు ఇవ్వండి.

చిన్నది తాతగారికి ఎక్స్‌పోస్ టోపీ పంపమంటోంది. జూన్‌లో ఊరికి వచ్చే మిత్రుడి చేత పంపుతాను. ఎండలో తిరిగేటప్పుడు పెట్టుకోండి.

ఇట్లు
మీ కుమారుడు